ఎవరి నెత్తురు, ఎవరి పేరు

నోల్ఫా బర్రీయా ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. కట్టెల లారీ వచ్చి ఆగితే, డ్రైవరు "ఏడాది పాటు పాకలో ఆరిన సరుకమ్మా" అని దేవుడి మీద ఒట్టు పెట్టినా వినేది కాదు. లారీ మధ్యలోంచి తనే రెండు ముక్కలు లాగి, చెవి దగ్గర పెట్టుకుని ఒకదానితో ఒకటి కొట్టి చూసేది. ఎండిన లెంగా చెట్టు కట్టె ఖంగుమంటుంది. పచ్చిది పరుపు మీద గుద్దినట్టు మూలుగుతుంది. మూలిగిందంటే లారీ వెనక్కి తిరగాల్సిందే.

రొట్టెలు కాల్చి అమ్మడం ఆమె పని. భూమికి దక్షిణపు కొసన, మే నెలకే చలికాలం మొదలయ్యే కొయ్యాయికె ఊరి పల్లపు వీధుల్లో ఆమె రొట్టె తినని ఇల్లు లేదు. ఇంటి వెనక ఇటుకలతో కట్టిన పొయ్యి, దాని నెత్తిన నీలం రంగు రేకు టోపీ పెట్టిన పొగగొట్టం. పొద్దుటి వాయి దించగానే గంపకెత్తుకుని మధ్యాహ్నం దాకా వీధులు తిరిగేది. భర్త పోయి పదకొండేళ్ళు. పిల్లల్లేరు. యాభై ఆరేళ్ళ వయసు, తొంభై ఎనిమిది కిలోల బరువు. ఆ బరువు సంగతి ఎవరైనా ఎత్తితే మాత్రం ఆమె మొహం గంటు పెట్టుకునేది.

దానికో కారణం ఉంది. ముప్పై ఒకటో ఏట ఆమెకి కుడి పక్కటెముకల కింద నొప్పి పట్టుకుంది. అప్పటి డాక్టరొకాయన ఆమె వైపు కుర్చీ కూడా తిప్పకుండా, "తిండి తగ్గించు, అదే పోతుంది" అని చీటీ రాసి పంపేశాడు. మూడు నెలలు పస్తులుంది. నాలుగో నెలలో పిత్తాశయం చీము పట్టి, చావు తప్పి కన్ను లొట్టపోయి బయటపడింది. పొట్ట మీద ఆ కుట్ల మచ్చ ఇంకా జెర్రిలా పాకే ఉంది. అప్పటినుంచీ తెల్లకోటు వేసుకున్నవాళ్ళు ఏం చెప్పినా, నోల్ఫాకి ముందు వినిపించేది ఆ కుర్చీ తిరగని చప్పుడే.

కాబట్టి ఆ ఏడు మే నెలలో ఆరోగ్య కేంద్రం నుంచి యాస్నా అనే నర్సు త్రాసు చంకన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చినప్పుడు, నోల్ఫా పిండి చేతులతోనే తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఏంటమ్మాయ్, ఎవర్ని తూస్తావు దాంతో?"

"ఒప్పుకుంటే మిమ్మల్నేనండీ. ఈ శీతాకాలం మూడు చోట్ల రెండొందల మందిని చూస్తున్నాం. బరువు రాసుకుంటాం, వచ్చే వారం కాలనీ హాల్లో కొంచెం నెత్తురు తీస్తాం. పొగ ఎక్కువున్న చోట, ఒళ్ళు బరువున్నవాళ్ళకి, డి విటమిన్ ఎంతుందో తెలుసుకోవాలని."

"పొగకీ నా ఒళ్ళుకీ ఏంటి సంబంధం?"

"అదే తెలుసుకుందామనండీ."

"తెలియకుండానే త్రాసు తెచ్చావా?" నోల్ఫా ఆమెని ఎగాదిగా చూసింది. "మొన్నటికి మొన్న స్తంభాలకి తెల్లడబ్బాలు కట్టారు, పొగ కొలుస్తామన్నారు. డబ్బాలొచ్చాక ఏమైంది? రోజుమార్చి రోజు పొయ్యి వెలిగించొద్దని రేడియోలో చెప్పడం మొదలెట్టారు. ఇప్పుడు నెత్తురు. రేపు నా నెత్తుట్లో పొగుందని రాసి, నా పొయ్యి పీక్కుపోతారు. అంతేగా?"

యాస్నా ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల. ఈ ప్రశ్న ఆమెకి ఎదురవడం ఆ రోజు ఏడోసారి. అయినా విసుక్కోలేదు.

"పొయ్యిలు పీకే పని నాది కాదు నోల్ఫమ్మగారూ. మీకు తుంట్లో, తొడల్లో నొప్పులున్నాయా?"

"ఎవరు చెప్పారు నీకు?" అంది నోల్ఫా ఉలిక్కిపడి.

"తలుపు దాకా మీరు నడిచిన తీరు చెప్పింది."

నొప్పులున్న మాట నిజమే. పొయ్యి ముందు వంగి లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తోంది. మెట్టెక్కాలంటే తొడలు తనవి కానట్టున్నాయి. ఆ సంగతి ఈ పిల్ల చూసిన చూపులోనే కనిపెట్టేసిందంటే, నోల్ఫాకి మెప్పు బదులు అనుమానం ఇంకో మెట్టెక్కింది. అయినా త్రాసెక్కింది. ఎక్కకపోతే భయపడిందనుకుంటారని.

*

నోల్ఫా పెరటి కంచెకి ఆవల, నాలుగు మెట్లు దిగితే డెల్మీరా నహుయెల్కిన్ ఇల్లు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ళ స్నేహం. డెల్మీరా కూతురికి చర్చిలో నామకరణం చేయించింది నోల్ఫానే, అప్పటినుంచీ ఒకరికొకరు వదినలు. డెల్మీరా మనిషి చూస్తే నోల్ఫా నీడలో సగం ఉండదు. నలభై ఆరు కిలోలు. గొర్రెల కాపర్ల లాగులూ ఉన్ని కోట్లూ కుట్టిపెడుతుంది. పొద్దున్నే ఇనపపొయ్యి పక్కన కుట్టుమిషను ముందు కూర్చుందంటే దీపాలు పెట్టేదాకా లేవదు. చలికాలమంతా కిటికీలకి ప్లాస్టిక్కు కాయితం కొట్టి ఉంటుంది. అన్నం పెట్టిన చెయ్యినీ, చెయ్యి చూపిన దారినీ అనుమానించడం ఆమెకి చేతకాదు. నోల్ఫా ఏది చెప్తే దానికి "సరేలే వదినా" అనడమే.

ఆ సాయంత్రం ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని మాతే అనే ఆకు కషాయం ఒకే సొరబుర్రలోంచి వంతులేసుకుని పీలుస్తూండగా నోల్ఫా మొదలెట్టింది.

"వాళ్ళు ముందే రాసేసుకున్నారే. లావుమనిషి కాబట్టి లేదు, సన్నమనిషి కాబట్టి ఉంది. నెత్తురు తీయడమంతా తంతు. చూస్తూ ఉండు, నాకు సున్నా చుడతారు, నీకు నూరు వేస్తారు."

"ఎందుకలా చేస్తారు? ఆ పిల్ల మంచిగానే మాట్లాడింది నాతో. ఎన్నిసార్లు పడ్డావని అడిగింది."

"పడ్డావా? ఎప్పుడు?"

"మంచు మీద జారానులే," అంది డెల్మీరా, బుర్ర తిరిగి అందిస్తూ. "ఊళ్ళో జారనిదెవరు?"

నోల్ఫా ఆలోచన అప్పటికే వేరే దారిలో పడి ఉంది. ఆ మాట మీద ఆగలేదు.

తర్వాతి శనివారం కాలనీ హాల్లో నెత్తురు తీశారు. పద్ధతి ఇదీ: గుమ్మం దగ్గర బల్ల మీద పేరు చెబితే ఒక కవరిస్తారు. అందులో మన పేరు అచ్చేసిన చీటీలుంటాయి. కవరు పట్టుకెళ్ళి లోపలి బల్ల దగ్గర ఇస్తే, అక్కడి మనిషి నెత్తురు తీసి గొట్టానికి ఆ చీటీ అంటిస్తాడు. లోపలి మనిషి ఊరికి కొత్త. చలికి ముక్కు దాకా కండువా చుట్టుకుని, వచ్చినవాళ్ళ చేతులు తప్ప మొహాలు చూడడం లేదు. నోల్ఫా వరసలో నిలబడి ఇదంతా గమనించింది. గమనించిందంటే ఇక ఊరుకోదు.

"నీ కవరు నాకియ్యి. నాది నువ్వు పట్టుకో," అంది డెల్మీరా చెవిలో.

"అయ్యో, తప్పు కదే?"

"తప్పు నా నెత్తిన. నీ నెత్తురు మీద నా పేరుంటుంది, నా నెత్తురు మీద నీది. లావుమనిషి పేరు చూసి తక్కువ రాశారనుకో, దొంగతనం చేతికి చిక్కినట్టే. అప్పుడు హాలు మధ్యలో నిలబెట్టి అడుగుతాను."

డెల్మీరా గోడకి ఆనుకుని ఒక క్షణం కళ్ళు మూసుకుంది. నిలబడి చాలాసేపయింది. "సరేలే వదినా," అంది.

*

అయిదో రోజు మధ్యాహ్నం రెండింటికి ఆరోగ్య కేంద్రం బండి వచ్చి నోల్ఫా గుమ్మం ముందు ఆగింది. యాస్నా తలుపు కూడా సరిగా వేయకుండా దిగి లోపలికొచ్చింది.

"నోల్ఫమ్మగారూ, చేతులు కడుక్కుని బయల్దేరండి. ఆసుపత్రికి వెళ్ళాలి, ఇప్పుడే."

నోల్ఫా పిండి పిసకడం ఆపలేదు. "ఎందుకో?"

"మీ డి విటమిన్ ఆరుంది. ముప్పై ఉండాలి, పన్నెండు దిగితేనే మేం కంగారుపడతాం. అదొక్కటే అయితే రేపు రమ్మనేదాన్ని. నెత్తుట్లో సున్నం, అదే కాల్షియం, అది కూడా బాగా పడిపోయింది. కండరాలు బిగుసుకుపోవచ్చు, గుండె కొట్టుకోవడంలో తేడా రావచ్చు. చేతులు తిమ్మిరెక్కుతున్నాయా? వేళ్ళు పట్టేస్తున్నాయా?"

"నా వేళ్ళా?" నోల్ఫా పిండిలోంచి రెండు చేతులూ పైకి తీసి పది వేళ్ళూ ఆడించింది. ఆమె గుండెల్లో ఇన్నేళ్ళూ కాచుకున్న ముహూర్తం వచ్చినట్టయింది. "చూడు, ఎంత సుబ్బరంగా ఉన్నాయో. మరి డెల్మీరాకి ఎంతొచ్చింది?"

"ఒకరిది ఒకరికి చెప్పకూడదండీ."

"చెప్పక్కర్లేదులే, నేనే చెప్తాను. నాకంటే ఎక్కువొచ్చి ఉంటుంది. ఎందుకంటే దాని పక్కన నలభై ఆరు కిలోలని రాసుంది, నా పక్కన తొంభై ఎనిమిదని రాసుంది. అంతేనా? దొరికారు! ఆ నెత్తురు నాది కాదమ్మాయ్. కవర్లు మార్చాం. నా పేరున్న గొట్టంలో ఉన్నది నా నెత్తురు కానేకాదు!"

యాస్నా మొహంలో రంగు పోయింది. నోల్ఫా ఎదురుచూసింది అదే, దొంగ దొరికినప్పుడు పోయే రంగు. కానీ ఆ పిల్ల కళ్ళలో సిగ్గు లేదు, భయం ఉంది.

"మరి ఎవరిది?" అంది యాస్నా.

నోల్ఫా చేతులు దించేసింది. పిండి చేతులతోనే పెరటి తలుపు తోసుకుని, ఎన్నాళ్ళనుంచో గోడ పట్టుకోకుండా దిగని ఆ నాలుగు మెట్లూ ఏది పట్టుకుని దిగిందో తెలియకుండా దిగింది. వెనకే యాస్నా.

డెల్మీరా కుట్టుమిషను ముందు కూర్చునే ఉంది. మిషను ఆడడం లేదు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని ఎడమ చేత్తో దాన్ని నిమురుతోంది. కుడిచేతి అయిదు వేళ్ళూ ఒకచోటికి ముడుచుకుపోయి, గింజ ఏరుకునే పిట్ట ముక్కులా బిగుసుకుని ఉన్నాయి.

"ఏం లేదే, పట్టేసింది. కాసేపటికి అదే వదులుతుంది," అంది, తప్పు చేస్తూ పట్టుబడ్డదానిలా. "రోజూ వచ్చేదే."

"రోజూనా?" అంది నోల్ఫా. "నాకెందుకు చెప్పలేదు?"

డెల్మీరా ఎడమ చేత్తో వేళ్ళు విప్పబోయింది. యాస్నా అప్పటికే ఆమె మణికట్టు పట్టుకుని నాడి చూస్తోంది.

బండిలో వెళ్ళేటప్పుడు యాస్నా ఒక్కటే మాటంది. అరవలేదు, అదే నోల్ఫాకి ఎక్కువ తగిలింది. "మేం మీ పేరు చూసి మీ దగ్గరికొచ్చాం. ఈ రోజు మీరు ఇంట్లో లేకపోయినా, నవ్వేసి ఊరుకున్నా, ఈవిడకి మేం డి విటమిన్ చుక్కలసీసా ఒకటి ఇచ్చి, మూడు నెలల తర్వాత రమ్మనేవాళ్ళం."

*

డెల్మీరాకి ఆసుపత్రిలో రెండు రోజులు నరంలోంచి సున్నం ఎక్కించారు. మళ్ళీ నెత్తురు తీశారు. నోల్ఫా కూడా మళ్ళీ ఇచ్చింది. ఈసారి గొట్టం మీద పేరు తన కలంతో తనే రాసి, అది పెట్టెలోకి వెళ్ళేదాకా కళ్ళార్పకుండా చూసింది. ఫలితాలు వచ్చాయి. డెల్మీరాకి ఆరే. నోల్ఫాకి పన్నెండు. ముందు పేర్లు మారి వచ్చినవే, ఇప్పుడు ఎవరివి వాళ్ళకి చేరాయి. నెత్తురు కొలిచిన యంత్రానికి ఎవరి నడుము ఎంతో తెలియదన్న మాట.

ఇంకొకరైతే అక్కడితో నోరు మూసుకునేవారు. నోల్ఫా మర్నాడు రొట్టెల గంపతో నేరుగా యాస్నా గదికి వెళ్ళింది. క్షమించమని అడగడానికే బయల్దేరింది, అడిగింది కూడా. కానీ కుర్చీలో కూర్చున్నాక పాత గుణం ఊరుకోలేదు.

"లావు కాబట్టి తక్కువన్నారు, ఒప్పుకున్నాను. మరి ఆ చీపురుపుల్లకి నాకున్నదాంట్లో సగమెందుకు?"

యాస్నా నవ్వింది. "నన్ను ఇప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న ఇది. మీరు రోజూ మధ్యాహ్నం ఎక్కడుంటారు?"

"వీధుల్లో. గంపతో."

"ఆవిడో?"

"ప్లాస్టిక్కు కట్టిన కిటికీ వెనకాల."

"ఈ విటమిన్ని మన చర్మమే తయారుచేసుకుంటుందండీ, ఎండలో ఉండే ఒక రకం కిరణం తగిలితే. మన చలికాలపు ఎండ ఎలాగూ ఏటవాలు ఎండ, ఆ కిరణం అందులో అంతంతమాత్రం. ఆ వచ్చే కాస్తనీ ఊరి మీది పొగ నడిదారిలోనే తినేస్తుంది. పైగా మనం ముక్కు దాకా కప్పుకునే తిరుగుతాం. కాబట్టి వేసవిలో, దానికి అటూ ఇటూ నెలల్లో, దాచుకున్నదే దిక్కు. ఆవిడ వేసవిలోనూ బయటికి రాదు. మీరొస్తారు, మీకు కొంత దక్కింది. కానీ మీకు దక్కింది కొవ్వులోకి వెళ్ళి కూర్చుంటుంది. కొవ్వు ఎక్కువుంటే నెత్తుట్లోకి వచ్చేది తక్కువ."

నోల్ఫా ఆలోచించింది. "అదే గుప్పెడు ఉప్పు అయిదు కిలోల పిండిలో వేస్తే నాలిక్కి తెలుస్తుంది. పది కిలోల్లో వేస్తే చప్పగా ఉంటుంది. అంతేనా?"

"ఇంచుమించు అంతే. అందుకే మీకు మందు కూడా ఎక్కువ పడుతుంది."

"ఇంచుమించంటే?"

"అంటే అందరికీ ఒకేలా ఉండదని. ఎవరిలో పొగ వాటా ఎంత, బరువు వాటా ఎంత, ఇల్లు కదలకపోవడం వాటా ఎంత, మాకూ పూర్తిగా తెలియదు. అందుకే రెండొందల మంది."

తెల్లకోటు మనిషి నోటినుంచి "మాకూ తెలియదు" అన్న మాట నోల్ఫా వినడం అదే మొదటిసారి. ఆ మాట ఆమెని కాస్త మెత్తబరిచింది. అయినా లేచేటప్పుడు అంది: "మా తమ్ముడు నాకంటే లావు. నూట పన్నెండు కిలోలు. ఉండేది తూర్పు మైదానంలో గొర్రెల దగ్గర. అక్కడ పొగ లేదు, గాలికి టోపీలే నిలవవు. వాడి నెత్తురు తీసి చూడు. వాడికీ పన్నెండే వస్తే, పొగ మాట నువ్వు కల్పించిందే."

తమ్ముడు రోసామెల్ ఆ నెలాఖరున ఉప్పు బస్తాలకి ఊళ్ళోకొచ్చాడు. పొట్టేలుని ఒంటిచేత్తో పడగొట్టే మనిషి, సూది చూడగానే కుర్చీ వెనక్కి జరిపాడు.

"అక్కా, నేనేం పాపం చేశాను? నీకు జబ్బైతే నాకు సూదా?"

"నోర్మూసుకుని చెయ్యి చాపు. ఇక్కడ తేలాల్సిన సంగతొకటుంది."

"నా నెత్తుట్లో గొర్రె కొవ్వు తప్ప ఏమీ తేలదు. ముందే చెప్తున్నాను."

తేలింది ఇరవై ఒకటి. నిండుగా లేదు, కానీ అక్కకంటే బరువైనవాడికి అక్కకంటే ఎక్కువ. నోల్ఫా ఆ కాయితాన్ని తిప్పి తిప్పి చూసింది. యాస్నా ముందే హెచ్చరించింది, ముగ్గురితో ఏ సిద్ధాంతమూ తేలదని. నోల్ఫాకి సిద్ధాంతం అక్కర్లేదు. తన ఇంటి లెక్క తనకి కావాలి. తమ్ముడికీ తనకీ ఒళ్ళు ఒకటే. తేడా ఆకాశంలో ఉంది.

*

ఆగస్టు మొదటివారంలో మూడు రోజులు గాలి కదల్లేదు. రేడియో వాళ్ళు ఊపిరితిత్తుల సంగతి చెప్తున్నారు. నోల్ఫా రేడియో మాట తీసుకోదలచుకోలేదు, పొగ సంగతి తన కళ్ళతోనే చూడాలనుకుంది. పొద్దుటి రొట్టెలు పంచేసి, ఖాళీ గంప కొట్టు దగ్గర వదిలి, ఊరి పైనున్న గుట్ట దారి పట్టింది. పదడుగులకొకసారి ఆగాలి. తుంటి గుచ్చుకుపోతోంది. గొర్రెల దొడ్డి దాటి, ఆకురాలిన ఞీరె అనే కొండపొదలు దాటి, ఒకచోట అడుగు వేయగానే ఎండ మొహం మీద పడింది. ఏదో తెర తొలిగినట్టు గొంతులోని గరగర పోయింది. వెనక్కి తిరిగి చూసింది.

ఊరు లేదు. కొండల మధ్య గిన్నెలో గంజి పోసినట్టు, బూడిద రంగు మూత ఒకటి బోర్లా పడి ఉంది. ఆ మూత పైన ఆకాశం నీలంగా, మంచుకొండలు మెరుస్తూ. ఇన్నేళ్ళూ ఆమె ఆ మూత కింద నడుస్తూ, అది మబ్బనుకుంది.

రాతి మీద కూర్చుని ఊపిరి తీసుకుంటూ కళ్ళు చిట్లించింది. మూత అంచు దగ్గర, పల్లపు వీధుల వైపు, పొగ ఎక్కడినుంచి వస్తోందో లీలగా తెలుస్తోంది. చాలా గొట్టాలనుంచి సన్నటి తీగలు. ఒక్కదానినుంచి మాత్రం చిక్కగా, పసుపుగా, జడలాంటి పొగ. పైకి లేవడం లేదు. గొట్టం అంచు దాటగానే వంగి, పక్కనున్న పల్లపు కప్పు మీదికి జారిపోతోంది.

ఏ వెధవ పచ్చికట్టె పెట్టాడో అనుకుంది. ఆ తర్వాత గొట్టం మీది నీలం రేకు కనిపించింది.

కట్టె పచ్చిది కాదు. కొట్టి చూసి కొన్న కట్టే. కానీ పొద్దుటి వాయి అయ్యాక, మధ్యాహ్నం వాయికి వేడి నిలవాలని, ఆమె పొయ్యి గాలి తలుపు బిగించి వచ్చేది. నిప్పు ఊపిరాడక లోపలే మూలుగుతుంది. ముప్పై ఏళ్ళుగా అలాగే చేస్తోంది. ఊళ్ళో అందరూ అలాగే చేస్తారు. ఆ పొగ జారే కప్పు డెల్మీరా ఇంటి కప్పు.

లారీ వాణ్ణి అనుమానించింది. రేడియోని, తెల్లడబ్బాలని, యాస్నాని, యాస్నా త్రాసుని. ఇంటి వెనక ఉన్నదాన్ని ఒక్కనాడు తలెత్తి చూసింది లేదు. నోల్ఫా రాతి మీంచి లేచింది. దిగేటప్పుడు తుంటి నొప్పి సంగతే గుర్తు లేదు.

పెరట్లోకి రాగానే గాలి తలుపు బార్లా తెరిచింది. నిప్పు ఒక్కసారి గర్జించింది. గొట్టంలోంచి వచ్చే పొగ చూస్తూండగానే పలచబడి, కనబడకుండా పోయింది. అప్పుడు మెట్లు దిగి డెల్మీరా ఇంట్లోకి వెళ్ళింది.

"వదినా, నీ ఇంటి మీద పడే పొగ నాది."

డెల్మీరా సూదిలో దారం ఎక్కిస్తోంది. వేళ్ళు ఇప్పుడు మాట వింటున్నాయి. "తెలుసే," అంది.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఈ ఇంట్లో కిటికీలకి ప్లాస్టిక్కు కొట్టినప్పట్నుంచి. అది చలికని నువ్వనుకున్నావు."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేమే?"

"చెప్తే నమ్ముతావా?"

డెల్మీరా లేచి, పొయ్యి మీద నీళ్ళు పెట్టి, మాతే బుర్ర తీసింది. "ఊరికే నిలబడకు. నీ రొట్టె వాసన కూడా ఆ పొగతోనే వచ్చేది. పొద్దున్నే దానికే లేచేదాన్ని," అంది.

*

మందు వేసుకునే విషయంలోనూ నోల్ఫా తిన్నగా ఒప్పుకోలేదు. సీసా మీద రాసిందంతా భూతద్దం పెట్టి చదివింది. డెల్మీరా సీసా, తన సీసా ఒకే కంపెనీవో కాదో పోల్చింది. డెల్మీరా మూడు వారాలు వేసుకుని, ఆసుపత్రిలో ఇచ్చిన చేతికర్ర లేకుండా కొట్టు దాకా నడిచి వచ్చాక గానీ తను మొదలెట్టలేదు. యాస్నా ఇది విని తల పట్టుకుంది.

వసంతంలో యాస్నా చెప్పినట్టు ఇద్దరూ మధ్యాహ్నం పూట చేతులు మోచేతుల దాకా మడుచుకుని నది వైపు నడవడం మొదలెట్టారు. చూసినవాళ్ళు నవ్వేవారు. "పెద్ద రొట్టె, చిన్న రొట్టె ఎండలో ఆరడానికి బయల్దేరాయి," అని కొట్టు దగ్గరి మగవాళ్ళు ఎకసెక్కాలాడేవారు. "మీరు మాడిపోయిన రొట్టెలు, పొయ్యిలోనే ఉండండి," అనేది నోల్ఫా నడక ఆపకుండా.

బరువు తగ్గమని యాస్నా అడగలేదు. నోల్ఫాయే అడిగింది, తగ్గితే ఏమవుతుందని. తగ్గితే ఇదే మందు ఇంకాస్త బాగా అందుతుందని చెప్పింది యాస్నా. నోల్ఫా ఆ ఏడు నాలుగు కిలోలు తగ్గింది, అందులో ఒకటి క్రిస్మస్‌కి గొర్రె కాల్చినప్పుడు తిరిగొచ్చింది. జనవరిలో మళ్ళీ నెత్తురు చూస్తే డెల్మీరాకి ముప్పై మూడు, నోల్ఫాకి ఇరవై నాలుగు. తొడల్లో సత్తువ వచ్చింది. తుంటి నొప్పి సగం పోయింది, సగం ఉంది. ఆ మిగిలిన సగం కీలు అరుగుదలట, అది చుక్కలకి లొంగేది కాదట. ఈ మాట చెప్పేటప్పుడు ఆరోగ్య కేంద్రానికి కొత్తగా వచ్చిన డాక్టరు కుర్చీ తిప్పి, ఆమె కాలు చేత్తో పట్టుకుని వంచి చూసి మరీ చెప్పాడు. అందుకని నమ్మింది.

రెండొందల మంది లెక్కలూ తేలాక కాలనీ హాల్లో చదివి వినిపించారు. నోల్ఫా ముందువరసలో కూర్చుని పద్నాలుగు ప్రశ్నలు వేసింది. తన పేరూ డెల్మీరా పేరూ ఆ లెక్కల్లోంచి తీసేశారని అప్పుడు తెలిసింది. కవర్లు మార్చినవాళ్ళని లెక్కలో ఉంచకూడదట. సిగ్గుపడింది. ఆ పని సరైనదేనని లోలోపల ఒప్పుకుంది కూడా.

మరుసటి శీతాకాలం వచ్చింది. గాలి ఆగిపోయిన మొదటి రోజున, పొగ పెట్టొద్దని రేడియో చెప్పిన రోజున, నోల్ఫా పొయ్యి వెలిగించలేదు. గుమ్మానికి "ఈ పూట రొట్టె లేదు" అని అట్టముక్క వేలాడదీసింది. పై వీధి నుంచి హెర్మోసినా అనే ఆవిడ సంచి పట్టుకుని వచ్చి, ఆ అట్ట చదివి, తలుపు బాదింది.

"రొట్టె లేదేంటి? ముప్పై ఏళ్ళలో ఇలా ఎప్పుడైనా జరిగిందా?"

"ఇప్పుడు జరిగింది. గాలి లేదు. ఇవాళ పొయ్యి వెలిగిస్తే పొగంతా కిందివాళ్ళ నెత్తినే పడుతుంది."

హెర్మోసినా ఆమెని పైనుంచి కిందికి చూసింది. "ఆరోగ్య కేంద్రం వాళ్ళు నీకెంత ముట్టజెప్పారే?"

నోల్ఫాకి చర్రున కోపం వచ్చింది. సమాధానం నాలిక చివరిదాకా వచ్చింది, అదీ పచ్చిగా. కానీ ఎదుటి మనిషి కళ్ళలో ఉన్న ఆ చూపు తనకి బాగా ఎరుకైన చూపు. మింగేసింది.

"లోపలికి రా. నిన్నటి రొట్టె రెండున్నాయి, కోసి పెడతాను. నువ్వెన్ని అడుగుతావో అడుగు."

"నిన్నటి రొట్టె నాకెందుకు?" అంటూనే హెర్మోసినా బూట్ల మంచు దులుపుకుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, పక్క బల్ల దగ్గర లాగు అంచు కుడుతున్న డెల్మీరాని, చల్లబడి ఉన్న పొయ్యిని, నోల్ఫా చేతుల్ని, ఒక్కొక్కటే అనుమానంగా చూడడం మొదలెట్టింది.